పసిబిడ్డకు పళ్ళు వస్తున్నప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

పళ్ళు రావడం జబ్బు కాదు. అయినా ఆరో నెల నుంచి మూడో ఏడు దాకా బిడ్డకు ఏం వచ్చినా నింద పళ్ళ మీదికే పోతుంది. జ్వరం, విరేచనాలు, మందు మోతాదు గురించిన జవాబులు ముందే చదివి పెట్టుకోండి. వాటి అవసరం ఎక్కువగా అర్ధరాత్రే పడుతుంది.

మొదటి పన్ను ఎప్పుడు వస్తుంది?

చాలామందికి ఆరో నెలకు కాస్త అటూఇటూగా. నాలుగో నెలలోనే కనిపించినా, ఏడాది నిండేదాకా రాకపోయినా కంగారు అక్కర్లేదు. అమ్మకో నాన్నకో ఆలస్యంగా వచ్చి ఉంటే బిడ్డకూ అలాగే రావచ్చు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ విషయంలో పుట్టిన తేదీని కాక, పుట్టాల్సిన తేదీని లెక్కలోకి తీసుకోవాలి. రెండు నెలలు ముందు పుట్టిన పాపకు ఎనిమిదో నెలలో పన్ను వస్తే అది నిజానికి ఆరో నెల పన్నే.

పన్ను తయారీ మాత్రం అప్పుడు మొదలైనది కాదు. గర్భంలో ఆరో వారం ప్రాంతంలోనే పాలపళ్ళ పని మొదలవుతుంది. బిడ్డ పుట్టేనాటికి ఇరవై పాలపళ్ళూ ఎంతోకొంత గట్టిపడి దవడ ఎముకలో దాగి ఉంటాయి.

ఏ పన్ను తర్వాత ఏది?

సాధారణంగా ముందు కింది చిగురు మధ్యలో రెండు పళ్ళు వస్తాయి, 6 నుంచి 10 నెలల మధ్య. తర్వాత పై మధ్య పళ్ళు, 8 నుంచి 12 నెలలకు. వాటి పక్కన ఉండే పళ్ళలో పైవి 9–13 నెలలకు, కిందివి 10–16 నెలలకు వస్తాయి. ఆ తర్వాత కోరపళ్ళు వస్తాయని చాలామంది అనుకుంటారు. కానీ ముందు వచ్చేది మొదటి జత దవడ పళ్ళు, 13 నుంచి 19 నెలల మధ్య. వాటికీ ముందు పళ్ళకీ నడుమ ఖాళీగా ఉన్న చోట కోరపళ్ళు 16–23 నెలలకు మొలుస్తాయి. చిట్టచివరగా వెనక దవడ పళ్ళు 23 నుంచి 33 నెలలకు. మూడేళ్ళు వచ్చేసరికి ఇరవై పూర్తవుతాయి.

వరుస కాస్త తప్పినా ఫర్వాలేదు. పై పళ్ళు ముందు వచ్చినా, ఒక పక్క వచ్చి రెండో పక్కది నెల ఆలస్యమైనా దాని వల్ల బిడ్డకు గానీ ఇంకెవరికి గానీ వచ్చే హాని ఏమీ లేదు.

పన్ను చిగురును కోసుకుని బయటికి వస్తుందా?

కోసుకుని రాదు. పన్ను పైకి జరిగేకొద్దీ దాని చుట్టూ ఉన్న సంచిలాంటి పొర నుంచి సంకేతాలు వెలువడి, దారిలో ఉన్న ఎముకా ఆపై చిగురు కణజాలమూ కొంచెం కొంచెంగా కరిగి తప్పుకుంటాయి. ఆ క్రమంలో చిగురు కాస్త వాచి, ఎర్రబడి, సలపడం వల్లే బిడ్డకు ఇబ్బంది. రక్తం కారడం మామూలుగా జరగదు. దారి తనంతట తనే తయారవుతుంది కాబట్టి గోటితోనో చెంచా అంచుతోనో చిగురును చీల్చి పన్నుకు సాయం చేయాలని చూడకండి. సాయం అందకపోగా పుండు పడి, సూక్ష్మక్రిములు చేరతాయి.

ఏ లక్షణాలు నిజంగా పళ్ళ వల్ల వచ్చేవి?

చొంగ కారడం, చేతికందినదల్లా కొరకడం, చిగుళ్ళు రుద్దుకోవడం, చిరాకు, నిద్ర కాస్త చెదరడం, గట్టి ఆహారం మీద అయిష్టం, ముఖం మీద దద్దు, ఒళ్ళు లేశమాత్రం వెచ్చబడటం. ఇంతే.

అమెరికాలో తల్లిదండ్రుల చేత రోజూ రాయించి చేసిన ఒక అధ్యయనం 2000లో అచ్చయింది. అందులో తేలింది ఏమిటంటే, ఈ లక్షణాలు పన్ను బయటపడటానికి నాలుగు రోజుల ముందు మొదలై, బయటపడిన మూడో రోజుకు తగ్గిపోతాయి. అంటే ఒక్కో పన్నుకు మొత్తం ఎనిమిది రోజులు. పైగా ఏ ఒక్క లక్షణమూ 35 శాతానికి మించి బిడ్డల్లో కనిపించలేదు. కాబట్టి రెండు వారాలుగా ఏడుస్తున్న బిడ్డ నోట్లో పన్ను జాడ లేకపోతే కారణం మరెక్కడో వెతకాలి. అసలు ఏ ఇబ్బందీ లేకుండా, ఒక రోజు చెంచా తగిలి టక్కుమని చప్పుడైతే గానీ పన్ను వచ్చిన సంగతి తెలియని బిడ్డలూ చాలామందే.

మూడో నెలలోనే చొంగ మొదలైంది. పళ్ళు తొందరగా వస్తున్నాయా?

అలా చెప్పలేం. మూడు నాలుగు నెలల వయసులో లాలాజల గ్రంథుల పని పెరుగుతుంది, ఊరిన ఉమ్మిని మింగే నేర్పు మాత్రం ఇంకా పూర్తిగా రాదు. అదే వయసులో చేతులు నోటికి చేరడం కూడా మొదలవుతుంది. ఈ రెండూ పళ్ళకు సంబంధం లేని ఎదుగుదల. పన్ను కనిపించడానికి ఇంకా చాలా నెలలు పట్టవచ్చు.

గడ్డం, మెడ ఎర్రబడి పొక్కులు వచ్చాయి. ఏం రాయాలి?

చర్మం ఎప్పుడూ తడిగా ఉండి బట్టకు ఒరుసుకోవడం వల్ల వచ్చే దద్దు ఇది. మెత్తని నూలు గుడ్డతో అద్దాలి, తుడవకూడదు. తుడిచిన ప్రతిసారీ చర్మం ఇంకాస్త గీసుకుపోతుంది. మెడ ముడతల్లో తడి నిలవకుండా చూడండి. ఆరాక గడ్డానికీ మెడకూ పెట్రోలియం జెల్లీ పల్చగా పూయండి. నిద్రకూ పాలకూ ముందు పూస్తే బాగా పనిచేస్తుంది, ఉమ్మి చర్మానికి తగలకుండా అడ్డుపొరగా ఉంటుంది. చొంగ గుడ్డ తడిసినప్పుడల్లా మార్చాలి, పడుకోబెట్టేటప్పుడు తీసేయాలి. సువాసన కలిపిన తడి తుడుపు కాగితాలు ఈ దద్దును పెంచుతాయి. తేనెరంగు పెచ్చులు కట్టినా, రసి కారినా, మెడ ముడతల్లో కందిపోయి వాసన వస్తున్నా చర్మంలో ఇన్ఫెక్షన్ చేరిందని అర్థం. వైద్యులకు చూపించండి.

పళ్ళు వస్తే జ్వరం వస్తుందా?

రాదు. ఒళ్ళు కొంచెం వెచ్చబడవచ్చు గానీ 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటితే అది జ్వరమే, దానికి వేరే కారణం ఉన్నట్టే. 2016లో వచ్చిన ఒక సమీక్ష అంతకు ముందు జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసి ఇదే తేల్చింది.

మరి పళ్ళు, జ్వరం కలిసి వచ్చినట్టు ఎందుకు కనిపిస్తాయి? తల్లి నుంచి గర్భంలో అందిన రక్షణ సుమారు ఆరో నెలకు బాగా తగ్గిపోతుంది. సరిగ్గా అప్పుడే బిడ్డ పాకడం, దొరికింది నోట్లో పెట్టుకోవడం మొదలుపెడుతుంది. కాబట్టి జలుబులూ జ్వరాలూ ఈ వయసులోనే వరుస కడతాయి. ఇరవై పళ్ళు రెండేళ్ళ పాటు వస్తూనే ఉంటాయి గనక ఎప్పుడు జ్వరం వచ్చినా ఏదో ఒక పన్ను పక్కనే దొరుకుతుంది.

జ్వరాన్ని చేత్తో తాకి కాదు, థర్మామీటర్‌తో చూడండి. చంకలో పెట్టి చూస్తే అసలు ఉన్నదాని కంటే అర డిగ్రీ దాకా తక్కువ చూపవచ్చు. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీలు ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. మూడు నుంచి ఆరు నెలల బిడ్డకు జ్వరం వస్తే ఆ రోజే వైద్యుల్ని అడగండి. ఇంకా పెద్ద బిడ్డయితే జ్వరం ఒక రోజు దాటినా, పాలు తాగకపోయినా, మగతగా ఉన్నా, ఊపిరి వేగంగా తీస్తున్నా, నొక్కినా మాయని ఎర్రటి మచ్చలు కనిపించినా ఆలస్యం వద్దు. దగ్గు, జలుబు ఏమీ లేకుండా జ్వరం ఒక్కటే ఉంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి. పసిపిల్లల్లో అది మూత్రపరీక్షలో తప్ప బయటపడదు. పళ్ళ జ్వరమని వదిలేయడం వల్ల ఎక్కువగా తప్పిపోయే జబ్బుల్లో ఇదొకటి.

విరేచనాలు?

పళ్ళకు వీటితోనూ సంబంధం లేదు. మింగిన ఉమ్మి వల్ల విరేచనం పల్చబడుతుందనే మాట తరచూ వినిపిస్తుంది, కానీ రోజుకు నాలుగైదుసార్లు నీళ్ళలా పోతుంటే అది కడుపులో చేరిన క్రిమి పని. నేల మీద పడిన బొమ్మ నోట్లోకి వెళ్ళడం, కడగని టీథర్ (పళ్ళు వచ్చేటప్పుడు కొరకడానికి ఇచ్చే బొమ్మ), కొత్తగా మొదలుపెట్టిన ఆహారం, సరిగా కడగని పాలసీసా, వీటిలో ఏదో ఒకటి కారణం కావచ్చు.

తల్లిపాలు ఆపవద్దు. పల్చటి విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ళ లోపు బిడ్డకు 50 నుంచి 100 మి.లీ. ఓఆర్‌ఎస్ చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. గడగడ తాగిస్తే వాంతి అవుతుంది. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టాలి. ఆరు గంటలకు పైగా మూత్రం పోయకపోయినా, మాడు లోతుకు పోయినా, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

చెవి లాక్కుంటోంది. పళ్ళేనా, చెవి నొప్పా?

దవడ పళ్ళు వచ్చేటప్పుడు ఆ సలుపు చెవి వైపుకు పాకినట్టు ఉండి చెవి, చెంప రుద్దుకుంటారు. చెవి దొరికిన కొత్తలో ఊరికే ఆడుకునే వాళ్ళూ ఉన్నారు. జ్వరం, రెండు మూడు రోజులుగా ఉన్న జలుబు, పడుకోబెట్టగానే ఏడుపు ఎక్కువ కావడం, చెవి నుంచి చీము, వీటిలో ఏది తోడైనా చెవి లోపల చూపించాల్సిందే. బయటి నుంచి చూసి ఎవరూ చెప్పలేరు.

చిగుళ్ళు బాగా ఎర్రబడి నోట్లో పుళ్ళు వచ్చాయి

అయితే పళ్ళు కావు. హెర్పిస్ వైరస్ మొదటిసారి సోకితే చిగుళ్ళన్నీ వాచి ముట్టుకుంటే రక్తం వస్తుంది, నాలుక మీద, పెదవుల లోపల చిన్న చిన్న పుళ్ళు లేస్తాయి, జ్వరం ఎక్కువగా ఉంటుంది, నోటి దుర్వాసన వస్తుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు ఇది ఎక్కువ. పన్ను వల్ల వచ్చే ఎరుపు ఆ పన్ను ఉన్న చోటే ఉంటుంది, చిగురంతా పాకదు. ఈ జబ్బులో అసలు ప్రమాదం నీళ్ళు కూడా మింగలేక ఒళ్ళు ఎండిపోవడం. వైరస్‌కు మందు ఇవ్వాల్సి వస్తే మొదటి రోజుల్లోనే ఇవ్వాలి కాబట్టి వెంటనే చూపించండి.

మందు లేకుండా నొప్పి తగ్గించేదెలా?

రెండే పనిచేస్తాయి: ఒత్తిడి, చల్లదనం. మిగతావన్నీ వీటి రూపాలే.

ఒత్తిడికి వేలే చాలు. గోరు పొట్టిగా కత్తిరించి, చేతులు సబ్బుతో కడుక్కుని, చూపుడు వేలి మెత్తని భాగంతో ఉబ్బిన చిగురును గట్టిగానే, నెమ్మదిగా ఒకటి రెండు నిమిషాలు రుద్దండి. మొదటి కొన్ని క్షణాలు బిడ్డ తల తిప్పుకోవచ్చు, తర్వాత తనే వేలిని కొరుకుతుంది. అటు ఇటు వేగంగా రాయడం కంటే ఒకేచోట నొక్కి పట్టడం హాయిగా ఉంటుంది. పళ్ళు వచ్చాక వేలి చుట్టూ తడి గుడ్డ చుట్టుకోకపోతే దెబ్బ మీకే.

చల్లదనానికి శుభ్రమైన నూలు చేతిగుడ్డను నీళ్ళలో ముంచి పిండి, ఒక కొసను మెలితిప్పి, మూతపెట్టిన గిన్నెలో ఫ్రిజ్‌లో అరగంట ఉంచండి. పొడి కొస బిడ్డ చేతికిచ్చి, మెలితిప్పిన కొస కొరకనివ్వాలి. గుడ్డ గరుకుదనం చిగురును రుద్దుతుంది, చలువ సలుపును తగ్గిస్తుంది. వెచ్చబడగానే మార్చేయండి. ఒకసారి వాడినది ఉతికాకే మళ్ళీ ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. దారాలు ఊడే గుడ్డ వాడవద్దు.

ఎత్తుకోవడం, తిప్పడం, పాటతో మనసు మరల్చడం కూడా మందులే. చిరాకులో ఉన్న బిడ్డకు చేతిలో టీథర్ కంటే భుజం ఎక్కువ నచ్చే రోజులుంటాయి.

టీథర్ ఎలాంటిది కొనాలి?

ఒకే ముక్కగా పోతపోసిన, లోపల గుల్ల లేని సిలికాన్ లేదా రబ్బరు టీథర్ అన్నిటికంటే మంచిది. బిడ్డ పిడికిలికి అమరేలా సన్నని పిడి ఉండాలి, నోట్లోకి వెళ్ళే భాగం గొంతు దాకా చేరనంత వెడల్పు ఉండాలి. 3.2 సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టంలోంచి దూరిపోయే వస్తువు ఏదైనా గొంతుకు అడ్డం పడగలదు. కొలవడానికి టాయిలెట్ కాగితం చుట్టే అట్ట గొట్టం పనికొస్తుంది. కానీ అది 3.2 కంటే కొంచెం వెడల్పు ఉండవచ్చు, కనుక అందులో దూరింది ప్రతిదీ పక్కన పెట్టేయండి.

లోపల ద్రవం నింపినవి వద్దు. పన్ను వచ్చాక కొరికితే చిల్లు పడి ఆ ద్రవం నోట్లోకి కారుతుంది, అది ఎప్పుడూ శుభ్రమైనదే అయి ఉండదు. పూసలు గుచ్చినవీ, అతికించిన కళ్ళూ ముక్కులూ ఉన్నవీ, రంగు పూసిన చెక్కవీ కూడా వద్దు. దారంతోనో రిబ్బనుతోనో మెడలో కట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. బట్టకు తగిలించే క్లిప్పు కూడా నిద్రపుచ్చేటప్పుడు తీసేయాలి.

రోజుకు ఒకసారీ, నేల మీద పడిన ప్రతిసారీ వేడి నీళ్ళూ సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. ఘన సిలికాన్‌ను మరిగించవచ్చు, మిగతా వాటికి ప్యాకెట్ మీద రాసినది చూడండి. చిన్న రంధ్రం ఉండి పీపీమనే గుల్ల బొమ్మల లోపల ఉమ్మి చేరి నల్లటి బూజు పడుతుంది, బయటికి కనిపించదు. పగుళ్ళు, జిగురు, చిరుగు కనిపిస్తే పారేయండి.

ఫ్రీజర్‌లో పెడితే ఇంకా బాగా పనిచేస్తుందా?

లేదు. గడ్డకట్టిన టీథర్ రాయిలా గట్టిపడి చిగురును గాయపరుస్తుంది, పెదవికి, నాలుకకు అతుక్కుని చర్మాన్ని చలితో కాలుస్తుంది. ఫ్రిజ్ చలువ చాలు.

తినడానికి ఏమివ్వాలి?

ఆరు నెలలు నిండి, ఇతర ఆహారం మొదలుపెట్టిన బిడ్డకైతే ఫ్రిజ్‌లో చల్లబరిచిన మెత్తటి పండు గుజ్జు, పెరుగు లాంటివి హాయినిస్తాయి. నొప్పి ఉన్న నాలుగైదు రోజులు చెంచాను తోసేయడం మామూలే. పాలు తాగుతూ, మూత్రం బాగా పోస్తుంటే బలవంతం పెట్టొద్దు.

కొరకడానికని పచ్చి క్యారెట్ లాంటి గట్టి ముక్కలు చేతికివ్వడం ప్రమాదం. ముందు పళ్ళతో ముక్క కొరికేయగలరు, నమలడానికి దవడ పళ్ళుండవు, ఆ ముక్క తిన్నగా శ్వాసనాళంలోకి పోతుంది. పళ్ళ కోసమని అమ్మే బిస్కెట్లలో చక్కెర ఎక్కువ, మెత్తబడ్డ ముక్క విరిగి అంగిలికి అతుక్కుంటుంది. తేనె అద్దిన పాసిఫయర్ (ఊరికే చప్పరించడానికి ఇచ్చే పీక) ఏడాది లోపు బిడ్డకు ఇవ్వనే కూడదు. తేనెలో ఉండే బాట్యులిజం క్రిమి పసిపేగుల్లో పెరిగి కండరాలను చచ్చుబరుస్తుంది.

పారాసిటమాల్ ఎంత ఇవ్వొచ్చు?

ముందు వేలూ చలువా ప్రయత్నించి, అవి సరిపోక బిడ్డ నిజంగా బాధపడుతుంటేనే. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి: ఒక్కసారికి కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలి, 24 గంటల్లో నాలుగు మోతాదులు దాటకూడదు. మూడు నెలల లోపు బిడ్డకు వైద్యులు చెబితే తప్ప వద్దు.

ఎక్కువ తప్పులు జరిగేది సీసా దగ్గర. ఒకే మందు వేర్వేరు గాఢతల్లో దొరుకుతుంది. 8 కిలోల బిడ్డకు గరిష్ఠంగా 120 మి.గ్రా. కావాలనుకోండి. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉన్న సిరప్ అయితే 5 మి.లీ. 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉన్నదైతే 2.4 మి.లీ. ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉన్న చుక్కల మందైతే 1.2 మి.లీ. మాత్రమే. సిరప్ అలవాటులో చుక్కల మందును 5 మి.లీ. పోస్తే 500 మి.గ్రా. లోపలికి పోతుంది, అంటే గరిష్ఠానికి నాలుగు రెట్లకు పైనే, కాలేయం మీద దెబ్బ. అందుకే సీసా కొన్నప్పుడే గాఢత చదివి, బిడ్డ బరువుకు ఎన్ని మి.లీ. అవుతుందో వైద్యులతో ఖాయం చేసుకుని సీసా మీద రాసిపెట్టండి. బరువు పెరిగాక మళ్ళీ లెక్క వేయాలి.

కొలవడానికి సూది లేని సిరంజి వాడండి, వంటింటి చెంచాలు ఒక్కోటి ఒక్కో కొలత. నాలుక వెనక కాక చెంప లోపలి వైపు కొంచెం కొంచెంగా వదలాలి. పాలసీసాలో కలిపితే బిడ్డ సగం వదిలేసినప్పుడు ఎంత మందు పోయిందో తెలియదు. జలుబుకు ఇచ్చే కొన్ని సిరప్‌లలో కూడా పారాసిటమాల్ ఉంటుంది, రెండూ కలిస్తే మోతాదు మించుతుంది. ఇచ్చిన సమయం కాగితం మీద రాయండి. లేకపోతే అమ్మ ఒకసారి, అమ్మమ్మ ఒకసారి వేయడం జరుగుతుంది.

రెండు రోజులు వరసగా మందు అవసరం పడుతోందంటే కారణం పన్నేనా అని ఎవరైనా చూడాలి.

ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్?

ఐబుప్రొఫెన్ ఆరు నెలలు దాటాక, వైద్యుల్ని అడిగి. వాంతులు, విరేచనాలతో ఒళ్ళు ఎండిన బిడ్డకు ఇస్తే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు. మెదడునూ కాలేయాన్నీ పాడుచేసే రై సిండ్రోమ్‌కు అది దారితీయవచ్చు. మాత్ర నలిపి చిగురుకు రాయడమూ అంతే తప్పు.

చిగుళ్ళకు రాసే మొద్దుబార్చే జెల్‌లు వాడొచ్చా?

వద్దు. ఉపయోగం తక్కువ, ప్రమాదం ఎక్కువ. రాసిన కొన్ని నిమిషాల్లో ఉమ్మి ఆ జెల్‌ను కడిగేస్తుంది. కడిగినది మింగితే గొంతు మొద్దుబారి, ఉమ్మి శ్వాసనాళంలోకి పోకుండా ఆపే ప్రతిచర్య మందగిస్తుంది. పని చేయలేదని మళ్ళీ మళ్ళీ రాస్తారు, అక్కడే మోతాదు మించుతుంది.

ఈ జెల్‌లలో ఉండే మొద్దుబార్చే మందు బెంజోకెయిన్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మార్చగలదు. పెదవులు, గోళ్ళు నీలంగానో బూడిదరంగులోనో మారి, ఊపిరి అందక, బిడ్డ మత్తుగా అయిపోతుంది. ఒక్కసారి రాసినా ఇలా కావచ్చు. 2018 మేలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ రెండేళ్ళ లోపు పిల్లల కోసమని బెంజోకెయిన్ జెల్‌లను అమ్మవద్దని తయారీదారులకు చెప్పింది. మరో మొద్దుబార్చే మందైన లిడోకెయిన్ ద్రావణం వల్ల మూర్ఛలు, గుండె సమస్యలు వస్తాయని అదే సంస్థ 2014లో హెచ్చరించింది. ఆస్పిరిన్ జాతికి చెందిన సాలిసిలేట్ ఉన్న నోటి జెల్‌లు 16 ఏళ్ళ లోపు వారికి వాడకూడదని బ్రిటన్ 2009లో నిర్ణయించింది. డబ్బా మీద ‘సహజం’ అని రాసి ఉన్నా వెనక చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి.

ఇలాంటి అనుభవం కొత్తదీ కాదు. పళ్ళ కోసం పిల్లలకు పట్టిన పొడుల్లో ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా పాదరసం ఉండేది. చేతులూ కాళ్ళూ గులాబీరంగుకు తిరిగి ఒళ్ళు మండే జబ్బు ఆ పాదరసం వల్లేనని తేలి, పొడులు మానేశాక ఆ జబ్బు దాదాపు మాయమైంది.

హోమియోపతి పళ్ళ మాత్రలు, అంబర్ పూసల దండలు?

పళ్ళ మాత్రలు కొన్నింటిలో బెల్లడోనా అనే విషపు మొక్క సారం చీటీ మీద రాసినదాని కంటే చాలా ఎక్కువగా ఉన్నట్టు 2017 జనవరిలో అమెరికా నియంత్రణ సంస్థ పరీక్షల్లో తేలింది. అంబర్ (శిలగా మారిన చెట్టు జిగురు) దండ విషయంలో, ఒంటి వేడికి అందులోని ఆమ్లం చర్మంలోకి ఇంకి నొప్పి తగ్గిస్తుందన్న వాదనకు ఆధారం లేదు. మెడకు బిగుసుకోవడం, తెగిన పూస గొంతులో పడటం మాత్రం నిజంగా జరిగాయి. నిద్రలో దండ బిగుసుకుని పద్దెనిమిది నెలల బిడ్డ చనిపోయిన సంగతి 2018 డిసెంబరులో అదే సంస్థ హెచ్చరికలో ఉంది. కాలికి కట్టినా పూస తెగే ప్రమాదం పోదు.

రాత్రిళ్ళు లేచి ఏడుస్తోంది. ఎన్నాళ్ళు?

పన్ను వల్లే అయితే కొన్ని రాత్రులే. పడుకోబెట్టే ముందు చిగురు రుద్ది, చల్లటి గుడ్డ కొరకనిచ్చి, రోజూ చేసే వరుసలోనే నిద్రపుచ్చండి. ఉయ్యాలలో, మంచంలో టీథర్ వదిలేయవద్దు. ఎనిమిది తొమ్మిది నెలలకు అమ్మ కనిపించకపోతే బెంగపెట్టుకునే దశ వస్తుంది, దాని మెలకువలు పన్ను వచ్చాకా ఆగవు.

పాలు తాగుతూ కొరుకుతోంది. పాలు మాన్పించాలా?

అక్కర్లేదు. నోరు బాగా తెరిచి చనుమొన లోపలికి తీసుకుని చప్పరిస్తున్నంతసేపూ బిడ్డ నాలుక కింది పళ్ళ మీద పరుచుకుని ఉంటుంది, ఆ స్థితిలో కొరకడం కుదరదు. కొరుకుడు వచ్చేది పాలు ఇంకా రాకముందు అసహనంతో, లేదా కడుపు నిండి ఆటలో పడ్డాక. మింగడం ఆగి, దవడ బిగుస్తున్నట్టు, నాలుక వెనక్కి పోతున్నట్టు అనిపించగానే మీ చిటికెన వేలు నోటి మూలలోంచి చిగుళ్ళ మధ్యకు పెట్టి పట్టు విడిపించండి.

కొరికేస్తే లాక్కోవద్దు, చర్మం చీరుకుపోతుంది. బిడ్డ ముఖాన్ని ఒక క్షణం మీ వైపే దగ్గరగా అదిమితే ఊపిరి కోసం తనే నోరు తెరుస్తుంది. పెద్దగా అరిస్తే కొందరు భయపడి పాలు మానేస్తారు, కొందరు నవ్వి మళ్ళీ కొరుకుతారు. మామూలు గొంతుతో ‘కొరకొద్దు’ అని, ఒక నిమిషం పాలు ఆపితే చాలు. పాలిచ్చే ముందు ఐదు నిమిషాలు చల్లటి టీథర్ ఇవ్వడం మంచి ముందుజాగ్రత్త. మొద్దుబార్చే జెల్ రాసి పాలు ఇవ్వకండి, నాలుక కూడా మొద్దుబారి సరిగా చప్పరించలేరు.

చిగురు మీద నీలం బుడగ వచ్చింది

పన్ను పైన ద్రవమో కాస్త రక్తమో చేరడం వల్ల అలా కనిపిస్తుంది. చూడటానికి భయంగా ఉన్నా పన్ను బయటికి రాగానే దానంతట అదే పగిలిపోతుంది. సూదితో పొడవకండి. పెరుగుతూ పోతున్నా, జ్వరం వచ్చినా, రెండు మూడు వారాల్లో తగ్గకపోయినా దంతవైద్యులకు చూపండి.

పుట్టుకతోనే పన్ను ఉంది

కొన్ని వేల జననాల్లో ఒకరికి అలా ఉంటుంది, చాలాసార్లు అది ముందుగా వచ్చిన మామూలు పాలపన్నే. గట్టిగా ఉంటే ఉంచేస్తారు. బాగా కదులుతూ ఊడి గొంతులో పడేలా ఉంటే, లేదా నాలుక కింద ఒరుసుకుని పుండు చేస్తూ పాలు తాగనివ్వకపోతే నునుపు చేయడమో తీసేయడమో వైద్యులు నిర్ణయిస్తారు. ఇంట్లో లాగకండి.

ఏడాది దాటినా ఒక్క పన్నూ లేదు

ఎదుగుదల అంతా బాగుంటే చాలావరకు ఆలస్యమే. ఏడాది నిండాక ఎలాగూ దంతవైద్యులకు చూపించాలి, అప్పుడే ఇది అడగండి. 18 నెలలకూ రాకపోతే కారణం వెతకాలి. థైరాయిడ్ లోపం, విటమిన్ డి లోపంతో వచ్చే రికెట్స్, పళ్ళ మొగ్గలే లేకపోవడం, కొన్ని జన్యు కారణాలు. జుట్టు చాలా పల్చగా ఉండి, చెమట పట్టక ఎండకు తాళలేని బిడ్డకు పళ్ళు కూడా రాకపోతే ఆ సంగతి వైద్యులకు తప్పక చెప్పండి, ఆ మూడూ ఒకే జన్యు లోపానికి గుర్తులు కావచ్చు.

పళ్ళ మధ్య సందులున్నాయి, వంకరగా వస్తున్నాయి

సందులు మంచివి. తర్వాత వచ్చే శాశ్వత పళ్ళు వీటికంటే పెద్దవి, వాటికి ఆ చోటు కావాలి. వంకరగా మొలిచినవి నాలుక, పెదవుల ఒత్తిడికి చాలావరకు సర్దుకుంటాయి.

ఎప్పటి నుంచి తోమాలి? పేస్టు వాడొచ్చా?

మొదటి పన్ను కనిపించిన రోజు నుంచే, రోజుకు రెండుసార్లు. మెత్తని కుచ్చు, చిన్న తల ఉన్న బ్రష్ తీసుకుని ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బియ్యపు గింజంత రాయండి. మూడేళ్ళ దాకా అంతే, తర్వాత ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత. బియ్యపు గింజంత మింగినా ఇబ్బంది లేదు. పేస్టు కొలతే ముఖ్యం, కుచ్చు పొడవునా పేస్టు పరిస్తే అది ఎక్కువ. గాఢత కనీసం 1000 పీపీఎం (పది లక్షల వంతుల్లో వెయ్యి) ఫ్లోరైడ్ ఉండాలి.

బిడ్డ తలను మీ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంటే నోరు బాగా కనిపిస్తుంది. పై పెదవిని వేలితో ఎత్తి చిగురు అంచు వెంబడి తోమండి, పుచ్చు ముందు మొదలయ్యేది అక్కడే. అక్కడ సుద్దరంగు తెల్లటి గీత కనిపిస్తే అది పుచ్చుకు తొలి మెట్టు, గోధుమరంగుకు మారకముందే చూపిస్తే ఆపవచ్చు. వాపు ఉన్న రోజుల్లో కూడా తోమడం మానొద్దు, కొంచెం మెల్లగా తోమితే చాలు.

పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతే?

నిద్రలో ఉమ్మి ఊరడం తగ్గి, పాలు పై ముందు పళ్ళ చుట్టూ నిలిచిపోతాయి. ఆ పాలలోని చక్కెరను క్రిములు ఆమ్లంగా మార్చి పన్నును తింటాయి. కింది పళ్ళను నాలుక కప్పి ఉంచుతుంది కాబట్టి పైవే ముందు పాడవుతాయి. సీసా అయిపోయాక తోమి, ఆపై పడుకోబెట్టండి. పళ్ళరసం, చక్కెర నీళ్ళు సీసాలో పోయనే వద్దు. రాత్రి మధ్యలో దాహమేస్తే, ఏడాది దాటిన బిడ్డకు మంచినీళ్ళు చాలు.

కొత్త పళ్ళు కరకర నూరుతోంది

పైనా కిందా పళ్ళు వచ్చాక అవి కలిసే చోటు వెతుక్కుంటూ చేసే పని ఇది, వినడానికే ఇబ్బంది. కొన్ని నెలల్లో తగ్గుతుంది. పన్ను అంచు చిట్లినా, అరిగి పొట్టిదైనా దంతవైద్యులకు చూపించండి.